కాఫీగింజలను ఇంటి వాడుకకై నిలువచేయు విధానము

(కాఫీ పండించు రైతులకొఱకైన ఉపన్యాసము)



కాఫీతోట గల రైతు తన పంటనంతయు అమ్మివేసి, ఇంటివారు త్రాగుటకు అంగడినుండి పొడి కొని తెచ్చుకొనుట పెక్కు గ్రామములలో కనబడుచున్నది. ఆ పొడిలో చికోరీ యెంత కలిసినదో, గింజ యే యేటిదో కొనువాడు చూచి చెప్పలేడు. కొందఱు రైతులు మాత్రము ఒకటి రెండు సంచుల గింజను ఇంటికై తీసియుంచుకొందురు. అయినను మాఘమాసమున వేయించినప్పుడు వీధియంతయు పరిమళించిన గింజయే భాద్రపదము నాటికి గోనెపట్ట వాసన కొట్టుచు, చప్పబడి, చెక్కపొట్టును కాచి త్రాగినట్లుండును. అప్పుడు ఇల్లాలికి వేయించుట రాలేదనియో, ఆ యేటి పంటయే మంచిది కాదనియో అనుకొందురు. నిజమునకు తప్పు ఇల్లాలిది కాదు, పంటదియు కాదు. వానకాలపు గాలిలోని తేమను గింజ పీల్చుకొనుటయే తఱచుగా దానికి కారణము. ఆ తేమ గింజ దరిచేరకుండ చేయుట యెట్లో తెలుపుటయే ఈ యుపన్యాసము యొక్క యుద్దేశము.

ఇంటి గింజను కాపాడుట తెలిసిన రైతునకు అమ్మకపు గింజను కాపాడుటయు తెలియును. 1942 నాటి కాఫీ చట్టము ననుసరించి చాలకాలము పంట కాఫీ బోర్డువారి ఉమ్మడి నిలువకు చేరుచుండెను. 1996 నుండి రైతులందఱును తమ సరకును తామే అమ్ముకొనుచున్నారు. కావున ధరకై వేచియుండు రైతు నెలల తరబడి గింజను తన కప్పు క్రిందనే కాపాడవలసి వచ్చుచున్నది. అట్లు కాపాడలేనివాని సరకును వర్తకుడు గుప్పెట పట్టి వాసన చూచి, ధర తగ్గించును. ఏడాది కష్టము ఆ యొక్క నిమిషములో తరుగును.

1. గింజ స్వభావము

కాఫీగింజ యనగా కాఫీచెట్టు యొక్క విత్తనమే. మైసూరు సీమలోని చంద్రగిరి కొండలకు బాబాబుడన్ అను ఫకీరు 17వ శతాబ్దమున అరబ్బు దేశమునుండి ఏడు గింజలను తెచ్చి నాటెనని పెద్దలు చెప్పుదురు. ఆ కొండలు ఆయన పేరనే నేటికిని పిలువబడుచున్నవి. ఆ గింజలు మొలచినవన్నచో, అంత దూరపు ప్రయాణమునందును వానిలోని జీవము చెడలేదనియే అర్థము. ఇంటిలో నిలువయుంచు గింజకును ఇదే కొలత. జీవము చెడని గింజలోనే రుచియు పరిమళమును నిలుచును.

కాని వడ్లు, జొన్నలవలె కాఫీవిత్తనము చాలకాలము మొలకశక్తిని నిలుపుకొనదు. వేడియు తేమయు తగిలినచో ఆ శక్తి మఱింత త్వరగా నశించును. అంతట గింజ రంగు మొదట చెడును. నీలిపచ్చగా నున్నది వెలిసి, తెల్లబడి, పసుపుపచ్చ అగును. పిమ్మట దానిలోని పులుపును, తీపిదనమును పోయి చెక్క రుచి వచ్చును.

ఇంకొక స్వభావము కలదు. ఎండిన గింజ చుట్టునున్న గాలితో సమానమగు వఱకు తేమను పీల్చుకొనుచునే యుండును. గాలిలో తేమ నూటికి 60 పాళ్లు ఉన్నప్పుడు గింజలోని తేమ 11 పాళ్ల దరిదాపున నిలుచును. వానకాలమున గాలిలో తేమ 80 దాటి దినముల తరబడి అట్లే యున్నచో, గింజలోని తేమ 14 పాళ్లను మించును. అంతటి తేమలో బూజు పెరుగును. తేమతోపాటు వాసనలను గూడ గింజ పీల్చుకొనును. మిరపకాయలు, ఇంగువ, కిరసనాయిలు, పొయ్యి పొగ, ఎరువులు, పురుగుమందులు, వీనిలో దేనిదగ్గఱ నుంచిన దాని వాసన గింజకు పట్టును. వేయించినను అది పూర్తిగా పోదు.

2. ఎండబెట్టుటయే మొదటి కాపుదల

తడిగా నున్న గింజను ఎంత మంచి పాత్రలో నుంచినను ఫలము లేదు. అట్టి గింజను మూత బిగించి యుంచుట కంటె తెఱచి యుంచుటయే మేలు. కాఫీ బోర్డువారి ప్రమాణము ప్రకారము పార్చిమెంటు కాఫీలో తేమ నూటికి 10 పాళ్లు, అరబికా చెర్రీలో పదిన్నర, రోబస్టా చెర్రీలో 11 పాళ్లు మించరాదు. పార్చిమెంటు అనగా పండుతోలు ఒలిచి, జిగురు కడిగి, లోపలి గట్టిపొరతో ఎండబెట్టిన గింజ. చెర్రీ అనగా పండును తోలుతోనే ఎండబెట్టినది.

గింజను మట్టినేలపై ఎండబోయరాదు. గచ్చుపైనను, గట్టి పట్టాలపైనను, మంచెలపై పఱచిన వలలపైనను పలుచగా పోసి, గంటగంటకు కలుపుచుండవలెను. సాయంకాలమున కుప్పచేసి కప్పవలెను. లేనిచో పగటి యెండలో పోయిన తేమ రాత్రి మంచువలన తిరిగి వచ్చును. ఎండ బాగుగా కాచినచో పార్చిమెంటునకు 7 నుండి 10 దినములును, చెర్రీకి 12 నుండి 15 దినములును పట్టును. మబ్బు పట్టినచో ఇంకను ఆలస్యమగును. పండుగ వచ్చినదనియో, గచ్చు కావలసి వచ్చినదనియో రెండు దినములు ముందుగా సంచికెత్తుటయే పెక్కు నష్టములకు మూలము.

ఎండినదో లేదో తెలిసికొనుటకు యంత్రము లేని రైతునకు మూడు పరీక్షలు కలవు.

మొదటిది తూనిక. ఒకే పాత్రతో కొలిచిన గింజను ప్రతిదినము ఒకే వేళ తూచవలెను. రెండు మూడు దినములు మంచి యెండ కాచినను బరువు తగ్గకున్నచో గింజ ఎండినట్లు.

రెండవది పంటి పరీక్ష. పార్చిమెంటు పొర వ్రేళ్ల మధ్య నలిపిన పెళుసుగా విఱుగవలెను. లోపలి గింజను కొఱికినచో తెల్లని గాటు పడక, స్వచ్ఛముగా రెండుగా పగులవలెను. చెర్రీ యైనచో గుప్పెట పట్టి యాడించినప్పుడు లోపలి గింజ గలగల మ్రోగవలెను.

మూడవది ఉప్పు పరీక్ష. పొడియుప్పును మూకుటిలో వేడిచేసి చల్లార్చి, పొడిగా నున్న గాజుసీసాలో రెండు చెంచాలు వేసి, సీసాలో మూడవవంతు వఱకు గింజను పోసి, మూత పెట్టి బాగుగా కుదిపి, పావుగంట యుంచవలెను. ఉప్పు సీసా గోడకు అంటుకొన్నచో గింజ మిక్కిలి తడిగా నున్నది. అయితే అంటుకొననంత మాత్రమున నిలువకు తగినంత ఎండినదని తలపరాదు. ఉప్పు పెద్ద తేమనే చూపును. 12 పాళ్ల తేమకును 10 పాళ్ల తేమకును గల భేదమును తూనికయు పంటి పరీక్షయుమే పట్టును.

3. పొర తీయక నిలువచేయవలెను

ఇంటికై యుంచుకొను గింజను పార్చిమెంటు పొరతోనే యుంచుట ఉత్తమము. ఆ పొర గింజకు సహజమైన కవచము. గాలి, వాసన, వెలుతురు, గీఱుడు అను నాలుగింటినుండియు అది కొంత వఱకు కాపాడును. పొర తీసిన గింజ కంటె పొరతో నున్న గింజలో జీవము ఎక్కువ కాలము నిలుచునని శాస్త్రజ్ఞుల పరిశోధనలవలన తేలినది.

ఒకే తోటను పంచుకొన్న అన్నదమ్ములిద్దఱున్నారనుకొనుడు. అన్న ఫాల్గుణమునందే తన గింజనంతయు మిల్లున ఆడించి, పొర తీయించి, గోనెసంచిలో పోసి, వంటయింటి మూల గోడకు ఆనించినాడు. తమ్ముడు తన వంతును పార్చిమెంటుగానే డబ్బాలలో నింపి, పదునైదు దినములకు చాలినంత మాత్రము రోట మెల్లగా దంచి, చేటతో చెఱిగి తీసికొనుచున్నాడు. ఆశ్వయుజమున ఇద్దఱి గింజలను ప్రక్కప్రక్కన పోసిన పసిబిడ్డ సైతము భేదము చెప్పగలడు. అన్న గింజ వెలిసి ఉబ్బియుండును. తమ్ముని గింజలో పచ్చదన మింకను మిగిలియుండును. తోట యొక్కటే, కోత యొక్కటే, ఎండ యొక్కటే. భేదమంతయు దాచుటలోనే యున్నది.

చెర్రీగా ఎండబెట్టినవారును అట్లే తోలుతో నుంచి, కావలసినంతయే దంచుకొనవచ్చును. అయితే చెర్రీ తోలు తేమను త్వరగా పీల్చుకొనునది కావున దానికి మఱింత జాగ్రత్త కావలెను.

4. ఎంత ఉంచుకొనవలెను

అవసరమునకు మించి యుంచుకొన్న గింజ మఱుసటి యేటికి పాతదై పోవును. కొత్తదానితో కలిపినచో దానిని గూడ చెఱచును. కావున లెక్క వేసికొని యుంచుకొనవలెను.

ఐదుగురు పెద్దలున్న యింట, ఒక్కొక్కరు దినమునకు రెండుమారులు త్రాగుదురనియు, మారునకు 10 గ్రాముల పొడి పట్టుననియు అనుకొన్నచో, దినమునకు 100 గ్రాములు, ఏడాదికి 36 కిలోల 500 గ్రాముల పొడి కావలెను. వేయించునప్పుడు గింజ బరువులో నూటికి సుమారు 17 పాళ్లు తరుగును. కావున పచ్చిగింజ 44 కిలోలు కావలెను. పార్చిమెంటు 100 కిలోలు దంచిన సుమారు 80 కిలోల గింజ వచ్చును గనుక, 55 కిలోల పార్చిమెంటు ఉంచుకొన్నచో ఆ కుటుంబమునకు ఏడాదికి సరిపోవును. బంధువులకును, పెండ్లిపేరంటములకును మఱియొక 5 కిలోలు చేర్చుకొనవచ్చును.

5. పాత్రలును, చోటును

గింజ బాగుగా ఎండిన పిమ్మట, ఎండ వేడిమి తగ్గి చల్లబడువఱకు నీడన ఉంచి, ఆ పిమ్మటనే పాత్రలో పోయవలెను. వేడిగింజను మూసినచో లోపల చెమర్చును.

మూత బిగువుగా పట్టు రేకుడబ్బాలును, ఆహారపదార్థములకు తగిన ప్లాస్టిక్ పీపాలును ఇంటి నిలువకు మంచివి. నూనె, సబ్బు, మందులు పోసిన డబ్బాలను ఎంత కడిగినను వాడరాదు. ఒక పెద్ద పీపా కంటె ఐదేసి, పదేసి కిలోలు పట్టు చిన్న డబ్బాలు మేలు. ఏలయన పెద్దదానిని మాటిమాటికి తెఱచినచో ప్రతిసారియు వానగాలి లోనికి పోవును. చిన్నవానిలో ఒకటి వాడుచుండగా మిగిలినవి కదలకుండ నుండును. డబ్బాను నోటివఱకు నింపవలెను. లోపల ఖాళీ యెంత తక్కువగా నున్న అంత మేలు.

ఎక్కువ సరకు గలవారు గోనెసంచి లోపల గాలి చొరని ప్లాస్టిక్ సంచిని వేసి, దానిలో గింజ పోసి, మెడ మెలివేసి కట్టవచ్చును. ధాన్యమునకై చేసిన అట్టి సంచులు ఇప్పుడు దొరకుచున్నవి. వట్టి గోనెసంచి గాలిని ఆపదు. ఎరువులు వచ్చిన సంచులను ఎన్నడును వాడరాదు.

సంచులను నేలపై పెట్టరాదు. జానెడు ఎత్తున చెక్కబల్లలు వేసి, గోడకు మూరెడు దూరమున పేర్చవలెను. పొయ్యిమీది అటక పొడిగా నుండునని పెక్కుమంది అక్కడ నుంతురు. పొడిగా నుండుట నిజమే గాని పొగ పట్టును. రేకుల కప్పునకు దగ్గఱగా నుంచినచో వేడిచేత గింజ త్వరగా ముదిసిపోవును. ఇంటిలో చల్లగాను, చీకటిగాను, పొడిగాను ఉండు నడిమి గదియే తగిన చోటు. ఆ గది కిటికీలను ఎండ కాచు దినములలో తెఱచి, ముసురు పట్టినప్పుడు మూసివేయవలెను. గాలి మంచిదని వానలో సైతము తెఱచియుంచుట పొరపాటు.

పట్టణములలోని కొందఱు గింజను శీతలపెట్టెలో పెట్టుదురు. దానిని వెలుపలికి తీసి తెఱచిన వెంటనే చల్లని గింజపై గాలిలోని తేమ నీరై దిగును. ఎండిన గింజకు ఆ పెట్టెతో పనిలేదు.

6. వానకాలపు కావలి

జ్యేష్ఠము మొదలు కార్తికము వఱకు నిలువకు గండకాలము. తూర్పు కనుమలలోని అరకు, పాడేరు ప్రాంతములవంటి యెత్తైన చోట్ల ముసురును మంచును కలిసి దినముల తరబడి నిలుచును. 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా కాఫీకి పేరు తెచ్చినది ఆ చల్లని కొండగాలియే. అదే గాలి వానకాలమున నిలువగింజకు శత్రువగును.

తేమ యెక్కుచున్నదో లేదో తెలిసికొనుటకు త్రాసు చాలును. పాత్ర నింపిననాడే దాని తేదీని, గింజ బరువును చీటిపై వ్రాసి అంటించవలెను. నెలకొకమారు తెఱవకయే తూచవలెను. తేమ 10 పాళ్లుగా నున్న 10 కిలోల గింజ 230 గ్రాములు పెరిగినచో దానిలో తేమ 12 పాళ్లకు చేరినట్లు; 345 గ్రాములు పెరిగినచో 13 పాళ్లకు చేరినట్లు. బరువు పెరిగినదని సంతోషింపరాదు. పెరిగినది గింజ కాదు, నీరు. పాత్ర బరువు కదలకున్నచో మూత తెఱవనక్కఱలేదు.

తేమ 12 పాళ్లు దాటినట్లు తోచినచో తెఱపి చూచి, ఎండ కాచిన దినమున పలుచగా పఱచి మఱల ఎండబెట్టవలెను. పార్చిమెంటును ఎండలో పోయవచ్చును. పొర తీసిన గింజను తీవ్రమైన యెండలో పోసిన వెలిసిపోవును గనుక నీడపట్టున గాలికి ఆరబెట్టవలెను. ఇది బూజు పట్టకముందు చేయవలసిన పని. ముక్కవాసన వచ్చిన పిమ్మట ఎంత ఎండబెట్టినను ఆ వాసన పోదు.

7. మలబారు కాఫీని గూర్చిన భ్రమ

కొందఱు రైతులు ఇట్లనుట కలదు: “పడమటి తీరమున గింజను కావలెనని వానగాలిలో నుంచి, మాన్సూన్డ్ మలబారు అను పేర విదేశములకు అమ్ముచున్నారు గదా! తేమవలన హానియేమి?”

దాని చరిత్ర యిది. 1869లో సూయజు కాలువ తెఱవబడకముందు, తెరచాప ఓడలు ఆఫ్రికాను చుట్టి యూరోపు చేరుటకు నెలలు పట్టుచుండెను. ఆ ప్రయాణమున సముద్రపు తేమచేత గింజ ఉబ్బి, బంగారువన్నె కెక్కి, పులుపు పోయి మెత్తని రుచి గలదయ్యెను. అక్కడివారు ఆ రుచికి అలవాటు పడిరి. ప్రయాణము తగ్గి గింజ పచ్చగా చేరుట మొదలిడగానే పాత రుచిని కోరిరి. అందువలన మంగళూరు ప్రాంతపు కాఫీ కర్మాగారములలో జూన్ మొదలు సెప్టెంబరు వఱకు గింజను గాలి ధారాళముగా వీచు కొట్లలో పలుచగా పఱచి, మాటిమాటికి కలుపుచు, వదులుగా సంచులకెత్తి, మఱల పోయుచు, చెడినవానిని ఏఱివేయుచు ఆ మార్పును తెప్పింతురు. అది నేర్పరులు కనిపెట్టియుండి చేయు పని. మూల నున్న సంచిలో గాలి యాడక తేమ చేరుట వేఱు. మొదటిదానివలన ఒక రుచి పుట్టును. రెండవదానివలన బూజు పుట్టును. ఆ పేరు చెప్పి తన యలసతను కప్పిపుచ్చుకొను రైతు తనను తానే మోసపుచ్చుకొనును.

8. బూజును, పురుగును

బూజు రుచిని చెఱచుటతో పోదు. కొన్ని బూజులు ఓక్రాటాక్సిన్ అను విషమును పుట్టించును. వేయించుటవలన ఆ విషము కొంత తగ్గును గాని పూర్తిగా నశింపదు. కావున బూజు కనబడిన గింజను ఇంటివారికి పెట్టరాదు, మంచిదానిలో కలిపి అమ్మరాదు. బాగున్నదని ఏఱి తీసిన భాగమును గూడ వేఱుగా వేయించి, రుచి చూచి గాని వాడరాదు.

తేమ యెక్కువైన నిలువలో కాఫీగింజ ముక్కుపురుగు చేరి గింజను తొలుచును. ఇదికాక కాయతొలుచు పురుగు 1990లో నీలగిరులలో మన దేశమున మొదట కనబడెను. 2025లో అరకు ప్రాంతమునందును కనబడెను. అది తోటలో మొదలై, సరిగా ఎండని కాయలతో ఇంటికి వచ్చి, నిలువలోను పెరిగి, మరల తోటకు పోవును. ప్రమాణము ప్రకారము ఎండబెట్టిన గింజలో అది వృద్ధిపొందజాలదు. కావున ఒకని యింట తడిగా నున్న సంచి ఊరి తోటలన్నిటికిని ముప్పు. రంధ్రములున్న కాయలను నిలువలో చేర్చరాదు. పాత గింజతో కొత్తదానిని కలుపరాదు. కొత్త గింజ పోయుటకు ముందు పాత్రను కడిగి ఎండలో ఆరవేయవలెను. పురుగుమందు పొడులు కలుపుట ప్రాణాపాయము. వేపాకు, కర్పూరము, కలరా ఉండలు వేయుటయు తగదు. పురుగు పోయినను వాసన నిలుచును.

9. వేయించుకొనుట

వేయించిన గింజ కొన్ని వారములలోను, పొడి కొన్ని దినములలోను పరిమళమును కోల్పోవును. పచ్చిగింజ చక్కగా దాచినచో ఏడాది నిలుచును. కావున దాచవలసినది పచ్చిగింజను. వేయించవలసినది వారమునకు చాలినంత మాత్రమే. దళసరి మూకుటిలోనో, మంగలములోనో, సమమైన మంటపై గింజను ఎడతెగక కలుపుచు వేయించవలెను. గింజ పసుపువన్నెకు, పిమ్మట గోధుమవన్నెకు తిరిగి చిటపటలాడును. ఇష్టమైన వన్నె రాగానే జల్లెడలో పోసి విసరి చల్లార్చి, ఒక దినము ఉంచి పొడి చేసికొన్న మంచి రుచి వచ్చును.

నిలువ యెట్లున్నదో ఈ మూకుడే సాక్ష్యము చెప్పును. అన్నియు ఒక్క వన్నెకు తిరిగినచో గింజ సమముగా ఎండి, సమముగా నిలిచినది. కొన్ని నల్లబడి కొన్ని తెల్లగా నుండిపోయినచో తేమ కొన్నింటికి పట్టినదని అనుమానింపవచ్చును. అప్పుడు మిగిలిన పాత్రలను వెంటనే తూచి చూచుకొనవలెను.

10. సంగ్రహము

(1) రెండు దినములు ఆలస్యమైనను పూర్తిగా ఎండిన పిమ్మటనే సంచికెత్తవలెను.
(2) పార్చిమెంటు పొరతో నుంచి, కావలసినంత మాత్రమే దంచుకొనవలెను.
(3) ఏడాదికి చాలునంతయే, చిన్న పాత్రలలో, నిండుగా, మూత బిగించి యుంచవలెను.
(4) నేలకు, గోడకు, పొగకు, ఎరువులకు, వంట సామగ్రికి దూరముగా నుంచవలెను.
(5) తేదీని, బరువును వ్రాసి, వానకాలమున నెలకొకమారు తూచవలెను.
(6) బూజు పట్టినదానిని త్రాగరాదు, అమ్మరాదు.

వీనిలో ధనవ్యయమైన పని యొక్కటియు లేదు. ఒక త్రాసు, నాలుగు డబ్బాలు, కొంచెము ఓర్పు ఉన్న చాలును. వడ్లవిత్తనమును గాదెలో ఎంత భద్రముగా దాచునో అంత భద్రముగా కాఫీగింజను దాచు రైతు, దీపావళినాడు తన యింటికి వచ్చిన చుట్టమునకు తన తోట రుచిని మాఘమాసమున నున్నట్లే చూపగలడు.